పేరు పేరునా రాయండి

యేసమ్మ పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గంజి వార్చడానికి ఆవిడ లేవబోయేలోపు నలుగురు మనుషులు వాకిట్లోకి వచ్చి టేపు పరిచారు. ఒకడు కాగితం చూశాడు. ఇంకొకడు నేల చూశాడు. "ఇక్కడే" అన్నాడు మూడోవాడు. నాలుగోవాడు అన్నం గిన్నెను కాలితో పక్కకు తన్ని, పొయ్యిరాళ్ళు పెకలించి, ఆ బూడిదలోనే గునపం దించాడు. అన్నం నేలపాలయింది. కాగుతున్న గంజి యేసమ్మ పాదం మీద పడింది.

ఇది చాటుమాటుగా జరిగింది కాదు. 2008 జూలైలో, పొద్దున ఎనిమిది గంటలకు, బోదెగట్టు పేట మొత్తం చూస్తుండగా జరిగింది. నాట్లకు బయల్దేరిన ఆడకూలీలు చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళ ముఠా మేస్త్రీ మణెమ్మ అందరికన్నా ముందుంది.

"ఏవండీ, ఏవండీ! నేనిక్కడ కాపురం ఉంటన్నానండీ!" అంది యేసమ్మ. డెబ్భై ఏళ్ళ మనిషి, కాలు బొబ్బలెక్కుతున్నా అండీ అనడం మానలేదు.

"ఉంటే ఉన్నావులే మామ్మా. కాగితంలో మాత్రం లేవు." టేపు పట్టుకున్నవాడు కాగితం ఆమె మొహం ముందు ఆడించాడు. "ఈ బ్లాకులో జనాభా సున్నా. ఖాళీ స్థలం. పార్కు వస్తుంది. చూడు, రాయి పాతుతున్నాం."

పసుపు రంగు పూసిన సిమెంటు రాయిని యేసమ్మ పొయ్యిలో పాతేసి, చేతుల బూడిద దులుపుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. జనం తిట్టారు, శాపనార్థాలు పెట్టారు, ముఠాలోని కాంతం అయితే మట్టిబెడ్డ తీసి విసిరింది కూడా. మణెమ్మ మాత్రం ఆ పసుపు రాయి వంకే చూస్తూ ఉంది. ఆ సున్నా పెట్టించింది తనే.

బోదెగట్టు పేట ఉంగుటూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో, కాలవ నీళ్ళు పొలాలకు పారే పెద్దబోదె గట్టు మీద ఉంది. నూట నలభై ఏడు తాటాకు ఇళ్ళు. రేకుల చర్చి ఒకటి. ఎక్కువమంది చర్చికి వెళ్ళే మాలమాదిగ కుటుంబాలు, ఒక కొసన పది ముస్లిం ఇళ్ళు. మగవాళ్ళు రైసుమిల్లుల్లో బస్తాలు మోస్తారు, మార్కెట్ యార్డులో లారీలకు ఎత్తుతారు, మేడలకు కాంక్రీటు పోస్తారు. ఆడవాళ్ళు ఊడుస్తారు, కోస్తారు, నూరుస్తారు. టౌను తినే బియ్యంలో వీళ్ళ చెయ్యి పడని గింజ ఒక్కటి చూపించమనండి! అయినా ఈ పేటకు కుళాయి లేదు, దీపం లేదు. చివరికి మనుషులు కూడా లేరని తేల్చేశారు.

మణెమ్మ ఇక్కడ పుట్టిన మనిషి కాదు. కొల్లేటి మధ్యన ఒక లంకలో పుట్టింది, అక్కడే విశ్వాసం అనే అతన్ని పెళ్ళి చేసుకుంది. విశ్వాసం చేపల చెరువు గట్టు మీద కాపలావాడు. చెరువు ఆసామి ఏలూరులో మేడలో ఉండేవాడు. కొల్లేట్లో అక్రమ చెరువులు కొట్టేస్తామని సర్కారు బయల్దేరినప్పుడు, గట్ల మీదికి గుమాస్తాలు వచ్చారు. "పేర్లు రాయించుకోండి, సాయం వస్తుంది" అన్నారు. లంక జనం వరసలో నిలబడి మరీ రాయించుకున్నారు. సాయం రాలేదు. గట్లు పేల్చేశారు. ఆ పేర్ల మీదే ఆక్రమణ కేసులు పడ్డాయి. ఆసామి పేరు ఏ కాగితంలోనూ లేదు, వాడికేం, మేడలో చల్లగా ఉన్నాడు. విశ్వాసం పేరు మాత్రం మొదటి పేజీలో ఉంది. వాయిదాకు వాయిదాకు కాళ్ళరిగేలా తిరిగి, ఒకనాడు కోర్టు వరండాలోనే కూలబడి ప్రాణం వదిలాడు. పేరు రాయిస్తే చావేనని మణెమ్మకు ఆరోజే తెలిసింది. కూతురు జ్యోత్స్నను వెంటబెట్టుకుని ఈ పేటకు వచ్చి గుడిసె వేసుకుంది.

కిందటేడు వేసవిలో జనాన్ని లెక్కపెట్టేవాళ్ళు వస్తున్నారని తెలిసింది. మణెమ్మ ఇల్లిల్లూ తిరిగింది. "రాయించుకోకండి. పేరు రాశారంటే కొంప ముంచుతారు. మా లంకలో జరిగింది నా కళ్ళతో చూశాను" అని చేతులు పట్టుకుని చెప్పింది. కోతలకు ఇంటిల్లపాదీ ఊళ్ళమ్మట పోయేటప్పుడు గిన్నెలూ బట్టలూ అన్నీ చర్చిలో పెట్టి తాళం వేసుకోవడం ఆ పేట అలవాటు. కోతలు లేకపోయినా ఆరోజు అదే చేశారు. పొయ్యిలు ఆర్పి, సామాను చర్చిలో పెట్టి, పిల్లాజెల్లాతో పొలాల్లోకి వెళ్ళిపోయారు. లెక్కల అమ్మాయి రిజిస్టరు పట్టుకుని వస్తే ఎదురుగా ఒక్క మణెమ్మ ఉంది.

"ఇవన్నీ ఇళ్ళేనా అమ్మా?"

"కాదండి. గడ్డి దాచుకునే పాకలండి."

"మరి మీరు?"

"నేను కూడా చుట్టపు చూపుగా వచ్చానండి. ఇక్కడెవరూ ఉండరండి."

ఆ అమ్మాయి నాలుగు గుడిసెల్లోకి తొంగి చూసింది. కుండ లేదు, నిప్పు లేదు. రాసుకుని వెళ్ళిపోయింది. పేటను కాపాడానని ఆ రాత్రి మణెమ్మ తృప్తిగా నిద్రపోయింది. పాపం, పిచ్చిది!

రాయి పాతిన రోజు ఎవరూ పనికి వెళ్ళలేదు. డిగ్రీ చదువుతున్న జ్యోత్స్న తోటి విద్యార్థులిద్దరిని తీసుకుని ఏలూరు రోడ్డులో ఉన్న విస్తరణ మండలి ఆఫీసుకు పరిగెత్తింది. టౌను రేపు ఎటు పెరగాలో, ఎంత పెరగాలో గీతలు గీసే ఆఫీసు అది. వరండా గోడకు అంటించిన రంగుల మ్యాపు, పక్కన తాడు కట్టి వేలాడదీసిన పుస్తకం. చూసిందంతా నోట్సులో రాసుకుని సాయంత్రానికి తిరిగొచ్చింది. చర్చి ముందు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను మోగించారు. లోపల పట్టినంతమంది లోపల, మిగతావాళ్ళు కిటికీల దగ్గర.

"ఇరవయ్యేళ్ళ కిందట టౌన్లో ఎంతమంది, పదేళ్ళ కిందట ఎంతమంది, ఇప్పుడెంతమంది అని గీత గీశారు. ఆ గీతని ముందుకి లాగారు. 2026 నాటికి రెండు లక్షల పదివేల మంది ఉంటారని లెక్క తేలిందంట" అని చదివింది జ్యోత్స్న.

"ఆళ్ళంతా ఇప్పుడెక్కడున్నారే?" యేసమ్మ అడిగింది. పాదానికి పసుపు గుడ్డ కట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

"చాలామంది ఇంకా పుట్టనే లేదు మామ్మా."

"పుట్టనోళ్ళు తిరగడానికి పార్కు ఏసి, పుట్టినోళ్ళ అన్నం కుండ తన్నారా? ఓరి వీళ్ళ జిమ్మడ!"

జనం నవ్వబోయారు గాని నవ్వు రాలేదు.

"మన బ్లాకులో సున్నా అని రాశారు" అంది జ్యోత్స్న. "సున్నాని ఏ గీత మీద పెట్టి లాగినా సున్నాయే. 2026లో కూడా సున్నాయే. అందుకని మనకి పైపు లేదు, రోడ్డు లేదు, బడి లేదు. చుట్టూ మిల్లు చిట్టిబాబు గారు కొన్న పొలాలన్నీ ఇళ్ళ స్థలాల రంగేశారు. ఆ ప్లాట్ల ముందు చల్లగా ఉండాలని మన పేటకి ఆకుపచ్చ రంగేశారు."

జట్టు కూలీ నెహెమ్యా లేచాడు. ముప్పై ఏళ్ళు బస్తాలు మోసి మెడ వంగిన మనిషి, గొంతు మాత్రం వంగలేదు. "ఎవడ్రా మనకి సున్నా పెట్టింది? ఆడి పేరు చెప్పండి, ముందు ఆడి సంగతి చూద్దాం!"

"నేనే అన్నయ్యా."

మణెమ్మ లేచి నిలబడింది. కూతురి ముందు, పేట ముందు, దాచకుండా అంతా చెప్పింది. గడ్డి పాకలన్న మాట కూడా చెప్పింది.

చర్చి దద్దరిల్లింది. "నీ మాట ఇని పసిగుడ్డుని చంకనేసుకుని ఎండలో పొలం గట్టున మాడిచచ్చాను. ఇందుకా?" అని కాంతం గుండెలు బాదుకుంది. "కొల్లేట్లో మునిగింది చాలక ఇక్కడ మమ్మల్ని ముంచావా?" అన్నాడొకాయన. నెహెమ్యా ఆమె వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపుకన్నా చెంప మీద కొట్టినా బాగుండుననిపించింది మణెమ్మకు.

అప్పుడు సైకిళ్ళు బాగుచేసే మదార్ మాట్లాడాడు. మోకాలి నొప్పి మనిషి, గోడకు ఆనుకునే నిలబడ్డాడు. "ఆవిడ ఒక్కతే చెప్పింది, సరే. ఆరొందల మందిమి విన్నాం కదండీ! ఆవిడ నోరు మూయించినోళ్ళెవరైనా ఉన్నారా మనలో? మా ఇంట్లో రజియా అందరికన్నా ముందు పొయ్యి ఆర్పింది. మనకి సర్కారు కాగితమంటే భయం. ఆ భయాన్ని పట్టుకునే ఆళ్ళు మనల్ని కొట్టారు."

బయట ఎక్కడో మిల్లు సైరన్ మోగింది.

"మిల్లులో ఒక్కణ్ణే పోయి కూలి పెంచండి బాబూ అన్నప్పుడు గేటు బయటికి గెంటారు నన్ను" అన్నాడు నెహెమ్యా నెమ్మదిగా. "జట్టంతా బస్తాలు కింద పడేసిన రోజు ఆసామే గేటు దాకా నడిచొచ్చాడు. చెల్లెమ్మా, ఏడుపు ఆపు. లెక్క దాచావు కదా, ఇప్పుడు లెక్క నువ్వే పెట్టు."

మర్నాడు లెక్క మొదలైంది. మణెమ్మ ముందు నడిచింది, జ్యోత్స్నా ఆమె స్నేహితులూ నోటుపుస్తకాల్లో రాశారు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. మణెమ్మ ముఠాను పొలంలో దింపేటప్పుడు కూడా అలాగే లెక్కపెడుతుంది. ఇప్పుడూ అంతే. "లాభం" అని యేసమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "రెండు, మూడు..." మంచాన పడ్డవాళ్ళను, ఊయల్లో ఉన్నవాళ్ళను, మిల్లు నుంచి ఇంకా రానివాళ్ళను, ఎవరినీ వదల్లేదు. పన్నెండో ఇంట్లో నెలలు నిండిన పిల్ల వాకిట్లో కూర్చుని ఉంది.

"దీన్నెలా రాయమంటావమ్మా? ఒకరా, ఇద్దరా?" అంది జ్యోత్స్న.

"ఇద్దరని రాయి. పుట్టబోయేవాళ్ళని ఆళ్ళు రాసుకోలా? మనమూ రాద్దాం."

మొత్తం ఆరువందల పదమూడు.

ప్లాను మీద అభ్యంతరాలు వినే రోజు శుక్రవారం. నాట్లు ముమ్మరంగా పడుతున్న రోజులు. ఒక్కరోజు మానితే పొయ్యిలో పిల్లి లేవదు. అయినా పేటంతా కదిలింది. మోకాలి నొప్పి మదార్, కదల్లేని ముసలివాళ్ళు, బాలింతలు మాత్రం మిగిలారు. నాలుగువందల మంది ఆడామగా ఏలూరు రోడ్డు పట్టుకుని నడిచారు. ఆఫీసు బంట్రోతు గుమ్మానికి అడ్డం నిలబడి, "పేటకి ఒక్కరండి, ఒక్కరే రావాలండి" అంటూనే వెనక్కి వెనక్కి జరిగి గోడకు కరుచుకుపోయాడు.

హాల్లో బల్ల వెనక ప్రణాళికాధికారి పాండురంగారావు. ముందు వరస కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని మిల్లు చిట్టిబాబు. పాండురంగారావు చెడ్డగా మాట్లాడే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. కళ్ళద్దాలు తుడుచుకుని ఎంతో ఓర్పుగా చెప్పాడు.

"చూడండమ్మా, ఇది నా సొంత నిర్ణయం కాదు. సర్వే ఉంది, లెక్కలున్నాయి. టౌను రెట్టింపవుతుంది. రేపు వచ్చేవాళ్ళకి ఇప్పుడే జాగా చూడకపోతే ఊపిరాడదు. వెయ్యిమందికి ఇంత పార్కు అని నియమం. ఖాళీగా ఉన్న చోట పెట్టాం."

"ఖాళీ కాదండి. మేమున్నామండి" అంది మణెమ్మ.

"సర్వేలో లేరు కదమ్మా."

"లేమని నేనే చెప్పానండి. అబద్ధం చెప్పాను. భయపడి చెప్పాను. ఇదిగోండి, ఇప్పుడు నిజం చెప్తన్నాను." నోటుపుస్తకాలు బల్ల మీద పెట్టింది. "ఆరొందల పదమూడు మందిమండి."

పాండురంగారావు పుస్తకం తెరిచాడు, రెండు పేజీలు చూశాడు. ఒక్క క్షణం ఆయన మొహంలో ఏదో కదిలింది. చిట్టిబాబు దగ్గాడు. పాండురంగారావు పుస్తకం మూసేశాడు.

"సర్వే లెక్క మార్చే గడువు దాటిపోయిందమ్మా. పిల్లలు రాసిన నోటుపుస్తకం పెట్టుకుని ఇరవయ్యేళ్ళ ప్లాను మార్చలేం కదా."

మణెమ్మ ఆ పుస్తకం మళ్ళీ తెరిచి ఆయన ముందుకు తోసింది. ఆమె జీవితంలో ఒక ఆఫీసరు ముందు గొంతెత్తడం అదే మొదలు.

"ఎకరంలో విత్తనం ఎంత చల్లామో తెలిస్తే పంట ఎంతొస్తుందో మేమూ చెప్తామండి. మీరు చేసేది కూడా అదే కదా! మరి విత్తనాన్నే లెక్కలోంచి తీసేసి పంట లెక్క ఎలా తేల్చారండి? రేపొచ్చే లక్షమందికి బియ్యం ఎవరు పండిస్తారు? బస్తాలెవరు మోస్తారు? ఆ మేడలకి ఇటికెలెవరు ఎత్తుతారు? మీ గీత పైకి పోతంది కదండీ, దాన్ని మోసేది మా వీపులు. మమ్మల్ని తుడిచేసి మీ గీత దేని మీద నిలబెడతారు?"

"ఏమ్మా, కాలవ పోరంబోకు ఆక్రమించుకుని కూర్చుని మళ్ళీ ఉపన్యాసాలా?" అన్నాడు చిట్టిబాబు.

"నీ మిల్లు వెనక బోదె ఎటు పోయిందిరా? మింగింది నువ్వు, ఆక్రమణ మాదా?" నెహెమ్యా అరుపుకు అద్దాలు అదిరాయి. "పన్నెండేళ్ళు నీ బస్తాలు మోశాను. నేను కనపడలేదా నీకు?"

"పోలీసులకి ఫోను చెయ్యండి" అన్నాడు చిట్టిబాబు. పాండురంగారావు చిట్టిబాబు మనిషి కాడు, అతని జీతగాడూ కాడు. అయినా ఫోను ఎత్తాడు.

యేసమ్మ కుంటుకుంటూ బల్ల ముందుకు వచ్చింది. కట్టు విప్పి బొబ్బలెక్కిన పాదం చూపించింది. "మమ్మల్ని కాగితంలో చూడొద్దులే బాబూ. కళ్ళతో చూడండి. లెక్కెట్టుకోండి. లాభం!"

"రెండు!" అంది మణెమ్మ.

"మూడు!" నెహెమ్యా. "నాలుగు!" కాంతం. హాలు నుంచి వరండాకు, వరండా నుంచి మెట్లకు, మెట్ల నుంచి రోడ్డుకు లెక్క పాకిపోయింది. ఒక్కొక్కరు తన అంకె తను అరుస్తున్నారు. రోడ్డున పోయే బస్సు ఆగింది. నూట యాభై దాటింది. రెండువందలు దాటింది. రెండువందల నలభై మూడు దగ్గర పోలీసు వ్యాను వచ్చింది, లాఠీలు దిగాయి. మెట్ల మీదికి ఉరికిన నెహెమ్యా తల పగిలింది. జ్యోత్స్న చున్నీతో కట్టు కట్టింది. లెక్క ఆగలేదు.

అందరూ అరెస్టు అన్నాడు ఎస్సై. వ్యానులో ముప్పై మంది పట్టారు. "మిగతావాళ్ళం నడిచొస్తామండి, దారి మాకు తెలుసు" అంది కాంతం. మిగతా జనమంతా వ్యాను వెనకాల నినాదాలిస్తూ స్టేషనుకు నడిచారు. దారిలో మార్కెట్ యార్డు కూలీలు కూడా కొంతమంది కలిశారు.

స్టేషను ఆవరణ నిండిపోయింది. ఎస్సైకి చిరాకు ముంచుకొచ్చింది. రైటరును పిలిచి చెప్పాడు. "ఆరుగురి పేర్లు రాయి. నెహెమ్యా, బోదెగట్టు పేట నివాసి. జ్యోత్స్న, బోదెగట్టు పేట నివాసి. ఇంకో నలుగురు. మరికొందరు అని పెట్టెయ్. మిగతా వాళ్ళందరూ ఇళ్ళకి పొండి!"

మణెమ్మ గోడవారన కూర్చుని ఉంది. కూతురి పేరు పోలీసు నోట వింది. విశ్వాసం చెప్పు కళ్ళ ముందు మెదిలింది, కోర్టు వరండాలో ఒక్కటే మిగిలిన చెప్పు. ఏడుస్తూ లేవబోయింది. లేస్తూ లేస్తూ ఆగిపోయింది. ఆ మాట మళ్ళీ చెవుల్లో మోగింది. బోదెగట్టు పేట నివాసి.

"జ్యోత్స్నా! ఆయన ఏం రాశాడే? నివాసి అని రాశాడా?"

"అవునమ్మా."

"అది గవర్నమెంటు కాగితమేనా?"

జ్యోత్స్న తల్లి మొహంలోకి చూసింది. ఏం అడుగుతోందో అర్థమైంది. "గవర్నమెంటుదేనమ్మా. తేదీ వేసి, ముద్ర వేసి కోర్టుకి పంపాలి. లేమని చెప్పడానికి ఇంక వీల్లేదు."

సరిగ్గా అప్పుడు మదార్ వచ్చాడు. మోకాలి నొప్పితో మూడు మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. సైకిలు అక్కడే పడేసి గేటు పట్టుకున్నాడు.

"మిషను దింపారండీ! పేటలో ఎవరూ లేరు కదా అని మిషను దింపారు. మొదటి వరస పడగొడతన్నారు. మణెమ్మక్కా, నీ ఇల్లు పోయింది. యేసమ్మ గారిది పోయింది. రజియా పిల్లల్ని తీసుకుని చర్చిలోకెళ్ళింది."

ఆవరణంతా ఒక్కసారి హోరెత్తింది. ఆడవాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. జనం గేటు వైపు తోసుకున్నారు. ఆశ్చర్యం ఏమిటంటే, గేటు తెరిచే ఉంది. ఎస్సై స్వయంగా పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"పొండమ్మా, పొండి. వదిలేశాం. కేసూ లేదు, ఏమీ లేదు. ఆ ఆరు పేర్లు కూడా కొట్టేస్తాం. వెళ్ళి సామాన్లు తీసుకోండి."

అంత దయ ఎందుకో మణెమ్మకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. పేర్లు కొట్టేస్తే పేట మళ్ళీ సున్నా. సున్నా మీద మిషను నడిస్తే అది కూల్చడం కూడా కాదు, ఖాళీ జాగా చదును చేయడం. ఆమె పరిగెత్తి గేటుకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"ఆగండి! ఒక్కసారి నా మాట ఇనండి. కిందటేడు నా మాట ఇని చెడ్డారు, ఇదొక్కటీ ఇనండి! అందరం పరిగెడితే పేర్లుండవు. అందరం ఇక్కడే ఉంటే ఇళ్ళుండవు. సగం మంది పోయి మిషనుకి అడ్డం పడండి. సగం మందిమి ఇక్కడ కూర్చుని రాయిద్దాం. అక్కడికి పోయినోళ్ళ పేర్లు కూడా మేమే రాయిస్తాం."

"నీ ఇల్లే పోయింది కదే!" అంది కాంతం ఏడుస్తూ.

"పోయింది. తాటాకు మళ్ళీ దొరుకుద్ది. ఈ కాగితం మళ్ళీ దొరకదు."

తలకు కట్టుతో నెహెమ్యా అప్పటికే గేటు దాటాడు. "జట్టోళ్ళు నా వెనక రండి!" అని అరిచాడు. యార్డు కూలీలు కదిలారు. విద్యార్థులు కదిలారు. జ్యోత్స్న తల్లి దగ్గర ఒక్క అడుగు ఆగింది. మణెమ్మకు కూతుర్ని పట్టుకుని ఆపాలని చేతులు లేచాయి. ఆ చేతులతోనే పిల్ల జుట్టు సవరించి, "పో" అంది. జ్యోత్స్న మదార్ సైకిలెక్కి వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా మణెమ్మ చూస్తూ నిలబడి, తర్వాత లోపలికి వచ్చి రైటరు బల్ల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె వెనక రెండువందల మంది కూర్చున్నారు.

"ఏంటిది? వదిలేశానన్నానా లేదా?" ఎస్సై గద్దించాడు.

"వద్దండి. అరెస్టు చేశారు కదా, రాయండి. మరికొందరు అని రాయొద్దు. పేరు పేరునా రాయండి. పేట పేరు రాయండి."

ఎస్సై గొంతు తగ్గించాడు. మంచి చెప్పేవాడిలా ముందుకు వంగాడు. "పిచ్చిదానా, కేసంటే ఏంటో తెలుసా నీకు? ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి. కూలి పోతుంది, ఒళ్ళు పోతుంది. చచ్చిపోతారు."

"తెలుసండి. మా ఆయన అలాగే పోయాడు." కన్నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "ఆయన ఒక్కడే తిరిగాడండి. పక్కన ఒక్క మనిషి లేడు, అందుకే పోయాడు. ఇప్పుడు ఆరొందల మందిమి తిరుగుతాం. మీ కోర్టు వరండా చాలదు."

"రాయండి!" అంది యేసమ్మ. "రాయండి! రాయండి!" అంది ఆవరణ. గేటు బయట టౌను జనం మూగారు, ఎవరో పత్రిక విలేఖరి కెమెరా ఎత్తాడు. ఎస్సై కాసేపు నిలబడి, టోపీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. రైటరు ముసలి కానిస్టేబులు. అటూ ఇటూ చూసి, నిట్టూర్చి, కొత్త తెల్లకాగితాల కట్ట విప్పాడు.

"చెప్పండి. మొదటి పేరు?"

"లాభం, యేసమ్మ. బోదెగట్టు పేట నివాసి."

"తర్వాత?"

మణెమ్మ బల్లకు ఇంకా దగ్గరగా జరిగింది. కిందటేడు ఇలాంటి ప్రశ్నకే ఇక్కడెవరూ ఉండరండి అన్న నోరు అది.

"మణెమ్మ. భర్త విశ్వాసం, లేడు. బోదెగట్టు పేట నివాసి. మొదటి వరసలో మూడో ఇల్లు."

"ఆ ఇల్లు పడగొట్టేశారన్నారు కదమ్మా?"

"మూడో ఇల్లనే రాయండి. ఆ ఇంట్లో ఇద్దరం ఉంటామండి. నేను, నా కూతురు జ్యోత్స్న. ఆ పిల్ల ఇప్పుడు మిషనుకి అడ్డంగా నిలబడి ఉంటుంది. దాని పేరు కూడా ఇందులోనే రాయండి."

రైటరు రాశాడు. వెనకనుంచి కాంతం ముందుకు జరిగి కూర్చుంది.